ఆకుపచ్చ కారు మీద ఎర్ర మచ్చ

పాత కారును బాగుచేయడమంటే దానికి కొత్త ఇంజను, ఏసీ, పాటల డబ్బా తగిలించడమే అనుకునేవాళ్లతో నాకు పడదు. తగిలించుకోండి, కాదనను. కానీ దాన్ని పాత కారు అనకండి. నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. తెనాలి రైసుమిల్లుల్లో ఇంజన్ల దగ్గర పని నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాన్యువళ్లు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. పుస్తకంలో ఏ నట్టు ఉంటే ఆ నట్టే బిగిస్తాను.

రేపల్లెలో ఒక మిల్లు యజమాని ఎప్పుడో సరదాపడి ఇంగ్లండు స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు, పైన టాపు లేదు. ఆయన ముసలితనంలో నడపడం మానేశాక అది మిల్లు గోదాములోనే ఉండిపోయింది. ఆయన పోయాక, లెక్చరరుగా రిటైరైన కూతురు నన్ను పిలిపించింది. నేను వెళ్లేసరికి సీట్లలో ఊక, సైలెన్సరులో ఎలుకలు.

"బాబాయిగారూ, బాపట్లలో పాతకార్ల ప్రదర్శన పెడుతున్నారు. ఇది అసలు రూపంలో ఉందని అక్కడ ఒప్పుకుంటే ఉంచుకుందామన్నారు మా తమ్ముళ్లు. లేదంటే పెళ్లిళ్లకి కార్లు తిప్పే ఆయనకి అమ్మేస్తారట. తెల్లరంగేసి పూలు కడతాడట."

"దీనికా? పూలా?" అన్నాను. ఒళ్లు మండిపోయింది. ఆమె కళ్లు మాత్రం తండ్రి కూర్చున్న సీటు మీదే ఉన్నాయి.

కారును లారీ మీద తెనాలి షెడ్డుకు తెప్పించాను. పట్టేసిన ఇంజనులో కిరసనాయిలు పోసి, ఓపిక పట్టి, చేత్తోనే తిప్పి వదిలించాను. డీజిలింజను పెట్టేస్తే పోలా అని సలహా ఇచ్చినవాళ్లను షెడ్డు గడప దాటనివ్వలేదు. జంట కార్బొరేటర్లకు రబ్బరు గొట్టం ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని, రెండూ గాలి పీల్చే బుస ఒకటయ్యేదాకా మరలు తిప్పాను. తోలు సీట్లకు పాత కుట్టు చిల్లుల్లోనే దారం దూర్చి కుట్టించాను.

ఇక రంగు. పైన మీగడ రంగు ఉంది, అది తర్వాత వేయించినది. ప్రదర్శనవాళ్ల తరఫున హైదరాబాదు నుంచి ఒక నిపుణుడు చూడటానికి వచ్చాడు. బాపట్లలో మార్కులు వేసేదీ ఆయనే. బానెట్ మధ్యలో పొక్కులు లేచిన చోట ఎమరీ కాగితంతో రుద్దాడు. అడుగున ఎరుపు కనిపించింది.

"ఒరిజినల్ రెడ్! స్పోర్ట్స్ కారంటే అదే కదా, పెద్దాయనా" అని వెళ్లిపోయాడు.

నాకు నమ్మకం కుదరలేదు. తలుపు లోపల, పెట్రోలు ట్యాంకు వెనక, సీటు కింద గీకి చూశాను. అన్నిచోట్లా ముదురాకుపచ్చే. ఎరుపు బానెట్ మీద మాత్రమే, అదీ అరచేయంత. కారుకు రంగు వేసేవాడు అరచేయంత వేస్తాడా?

మా షెడ్డు పక్కన పెయింటరు ఒక సాయిబు. ఆ మీగడ రంగు కొట్టింది వాళ్ల నాన్నే. పిలిచి చూపిస్తే పడీపడీ నవ్వాడు.

"అన్నయ్యా, అది రంగు కాదు, బొట్టు! దసరా దసరాకీ మిల్లు అమ్మగారు నూనెలో కుంకుమ కలిపి పెట్టేవారంట. వాళ్ల దేవుడి బొట్టు మనం తుడవకూడదని మా నాన్న దాని మీదే కొట్టేశాడు."

"నూనె మీద రంగు నిలుస్తుందా?"

"నిలవదని ఆయనకి తెలీదా ఏంటి? తుడవడానికి చేతులు రాలేదంతే."

పొక్కుల సంగతి అప్పుడు తేలింది. నిపుణుడికి ఫోను చేశాను. "కుంకుమా? జోకులెయ్యకండి. గ్రీన్ వేస్తే ఒరిజినల్ అని రాయను" అని పెట్టేశాడు. పుస్తకాలు చదివినవాళ్లు కారును చదవరేం?

విషయం రేపల్లెకు చెబితే ఆమె భయపడింది. "అమ్మ బొట్టు పెట్టడం నాకు గుర్తే. కానీ ఆయన ఒప్పుకోకపోతే కారు పోతుంది బాబాయిగారూ. ఎరుపే వేయించేద్దామా?"

"అబద్ధపు రంగుతో ఉంచుకుని ఏం చేస్తావమ్మా?" అన్నాను. "మీ ఇష్టం" అంది.

ఆకుపచ్చే వేయించాను. బానెట్ మీద ఆ ఎర్ర మచ్చ మాత్రం ముట్టుకోనివ్వలేదు. "మొహమంతా పొడరు కొట్టి ముక్కు వదిలేసినట్టుంది. నా పేరు చెప్పమాక అన్నయ్యా" అని సాయిబు గొణిగాడు.

ప్రదర్శన నాడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తెనాలి నుంచి బాపట్లకు నేనే నడిపాను. దారి పొడవునా ఇంజను ఒక్కసారీ తడబడలేదు. మైదానంలో నిపుణుడు మా కారు ముందు ఆగి, మచ్చ మీద వేలు పెట్టాడు.

"ఎరుపుకి సాక్ష్యం మీరే వదిలిపెట్టారే!"

"వదిలింది మీ కోసమే సార్. ఇలా చెయ్యివ్వండి."

ఆయన వేలికి కొబ్బరినూనె రాసి, ముందు ఆకుపచ్చ మీద రుద్దమన్నాను. వేలికి ఏమీ అంటలేదు. తర్వాత మచ్చ మీద రుద్దమన్నాను. వేలు ఎర్రబడింది. చుట్టూ జనం మూగారు.

"సబ్బుతో పోతుంది లెండి" అన్నాను. అందరూ గొల్లుమన్నారు.

ఆయన నవ్వలేదు. తలుపు తీసి లోపల చూశాడు, ట్యాంకు వెనక టార్చి వేసి చూశాడు, సీటు ఎత్తించాడు. లేచి, మోకాళ్లు దులుపుకుని, అందరూ వినేలా, "ఒరిజినల్ గ్రీనే. నేనే పొరబడ్డాను" అన్నాడు. ఆ మాట అనగలిగినందుకు ఆయన మీద నా కోపం సగం తగ్గింది. మిగతా సగం ఉంచుకున్నాను.

ఆమె ముందుకు వచ్చి, ఉంగరపువేలితో ఆ మచ్చను తాకి, నుదుట పెట్టుకుంది. తర్వాత ఫోను తీసింది.

"ఒరే, పెళ్లికార్లాయనకి చెప్పెయ్, వేరేది చూసుకోమని. ఇది మనింటికే వస్తోంది. ఎవరు నడుపుతారేంట్రా? నేనే! బాబాయిగారు నేర్పిస్తారు."

నన్ను అడగనేలేదు. తాళాలు ఆమె చేతిలో పెట్టి, నేను వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను.