ఎట్నుంచి అంటే చెప్పకూడదు

తలుపు రెండుసార్లు కొట్టాలి, ఆగాలి, మళ్ళీ ఒకసారి కొట్టాలి. లోపల్నుంచి మా అక్క "ఎట్నుంచి?" అని అడుగుతుంది. "చెప్పకూడదు" అనాలి. అప్పుడు గానీ గడియ తీయదు. తుష్నాబాద్ నుంచి బస్సులో నిలబడి వచ్చి, జంగ్లీఘాట్ మెట్లన్నీ ఎక్కి, చేతిలో క్యారేజీతో, అరవై దాటిన మోకాళ్ళతో ఆ గుమ్మం ముందు ఈ నాటకం ఆడాలంటే నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు విసుగొచ్చి, "నేనే, నీ చెల్లిని, తియ్యి" అన్నాను. తీయలేదు. అరగంట ఎండలో నిలబెట్టింది.

తప్పు నాది కూడా. అలా అడిగే ఊరిని కట్టింది మేమిద్దరమే.

మా నాన్న పడవలు చేసే వడ్రంగి పనికి శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి ఈ దీవికి వచ్చాడు. మేం పుట్టింది జంగ్లీఘాట్‌లోనే. రేకుల ఇళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండేవి. వంటిళ్ళ వెనక, మనిషి పక్కకు తిరిగి నడిస్తే పట్టేంత సందు. అక్క ఎనిమిదిలో, నేను ఆరులో ఉండగా అమ్మ నీళ్ళ బిందెతో మెట్ల మీద జారిపడి నడుం విరగ్గొట్టుకుంది. ఇద్దరిలో ఒకరు బడి మానేసి ఇంట్లో ఉండాల్సిందే. ఎవరన్నది నాన్నకు తేలలేదు. "పరీక్షలయ్యాక చూద్దాం" అన్నాడు. ఆ వానాకాలమంతా అమ్మ మంచం పక్కన కూర్చుని, ఆమెకు వినపడకుండా గుసగుసలాడుతూ ఊహల్లో ఒక ఊరు కట్టాం.

అది కొండ కింద ఉంటుంది. పైన కనిపించే వీధులు ఉత్తుత్తివి, చూసేవాళ్ళ కోసం. అసలు జనం నేల కిందే తిరుగుతారు. బియ్యం డ్రమ్ము వెనక ఒక దారి. చర్చిలో ఆఖరి బెంచీ కింద ఇంకొకటి, అది తిన్నగా జెట్టీ కిందికి పోతుంది. దారిలో ఇద్దరు ఎదురుపడితే ఒకరి ముఖం ఒకరు చూడకుండా, దగ్గి తప్పుకోవాలి. రాజున్నాడు గానీ ఎవరో ఎవరికీ తెలియదు, ఆయనక్కూడా తెలియదు. ఊరికి పేరు పెట్టలేదు. పెడితే నేను నిద్రలో పలవరిస్తానని అక్క భయం.

అంతా ఒక నోటుబుక్కులో రాశాం. మాటలు తెలుగు, అక్షరాలు హిందీ. మాది హిందీ బడి, తెలుగు అక్షరాలు మాకు అంతంత మాత్రం. అమ్మకేమో తెలుగు బైబిలు తప్ప ఇంకేదీ చదవడం రాదు. బళ్ళో పిల్లలు అక్షరాలు చదివినా మాట అర్థం కాదు. రెండు వైపులా తాళం పడింది. మా చేతకానితనం అంతగా పనికొచ్చిన చోటు మళ్ళీ నేను చూడలేదు.

ఆ ఊళ్ళో ప్రతి మనిషికీ ఒక సొంత దారి ఉండాలి, దాన్ని ఎవరికీ చెప్పకూడదు, ఎట్నుంచి వచ్చావని తలుపు దగ్గర అడిగినా సరే. నా నోట్లో నువ్వుగింజ నానదు, రెండు రోజుల్లో చెప్పేశాను. అక్క మాత్రం తన దారి రాసిన పేజీని అన్నం మెతుకులతో అంటించేసింది. బతిమాలాను, గిల్లాను, ఏడ్చాను. చెప్పలేదు. తర్వాత ఆ బుక్కును చెదలు తినేశాయి. అక్క మీద కోపం మాత్రం నాకు మిగిలిపోయింది.

పరీక్షలయ్యాయి. అక్క తప్పింది, నేను పాసయ్యాను. "నాకు చదువెక్కదు" అని అక్క చీపురందుకుంది. నేను చదువుకుని, ఆఫీసులో చేరి, రిటైరయ్యాను. మొద్దువి కాబట్టే వంటింట్లో పడ్డావని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. నవ్వేది.

రెండేళ్ళుగా అక్క మనుషుల్ని మరిచిపోతోంది. కొడుకుది ఓడ మీద పని, నెలలో సగం రోజులు ఉండడు. ఆ రోజుల్లో పగలు నేను. సాయంత్రం నుంచి పక్కింటి దీదీ. వాళ్ళు రాంచీ వాళ్ళు, మా మధ్య ఉండి ఆవిడ తెలుగు నేర్చేసుకుంది. స్నానం చేయించడం, విసిరేసిన పళ్ళెం ఎత్తడం, అడిగిందే అడుగుతుంటే చెప్పిందే చెప్పడం. అలిసిపోయాను. అబద్ధమెందుకు, అక్క మీద ప్రేమ కూడా అలిసిపోయింది. ఈసారి వాడు ఓడ దిగగానే ఇక నావల్ల కాదని చెప్పేయాలనుకున్నాను. బస్సులో ఆ మాటలే కూర్చుకుంటూ వచ్చాను.

ఆ రోజు అన్నం కలిపి పెడుతుంటే అక్క నా ముఖంలోకి చూసి, "థక్ గయీ క్యా దీదీ? కూకో" అంది, అలిసిపోయావా అని. నన్ను పక్కింటావిడ అనుకుంది. తర్వాత గొంతు తగ్గించింది.

"మా ఊల్లో నాకో రాస్తా ఉంది దీదీ. ఎవలికీ చెప్పలేదు."

మెతుకులతో అంటించేసిన ఆ దారి. "ఎక్కడికి?"

"వంటింట్లోంచి స్కూలికి. పని అయిపోనాక ఎవలికీ అగుపించకుండా ఎల్లి, క్లాసులో కూకుని వచ్చీడమే. ఆ ఏడు పరీచ్చలో అన్నీ నాకొచ్చు దీదీ. జవాబుల కాపీ ఖాలీగా ఇచ్చీసేను."

"ఎందుకు?"

"అమ్మ కాడ ఒకలుండాల కదా. మా చెల్లికి చదువంటే పానం. దానికి మాత్రం చెప్పకు. తెలిస్తే అదీ మానీస్తాది, జిద్దీ, మొండి పిల్ల." ముద్ద అందుకోకుండా నా మణికట్టు పట్టుకుంది. "చెప్పవు కదా?"

"చెప్పను" అన్నాను. అప్పుడు నోరు తెరిచింది.

ఆ చెల్లిని నేనేనని చెప్పి కాళ్ళు పట్టుకుని ఏడవాలనిపించింది. చెప్తే ఆమె యాభై ఏళ్ళు దాచుకున్నది పోతుంది. అన్నమంతా తినిపించి, చేతులు కడుక్కుని, వెనక సందు మొదట్లో నిలబడి ఏడ్చాను. ఇప్పుడు ఆ సందులో పక్కకు తిరిగినా నేను పట్టడం లేదు.

కొడుకు ఓడ దిగాడు. "నీకు కష్టంగా ఉందా పిన్నీ?" అని అడిగాడు. మోకాళ్ళ నొప్పులని చెప్పాను, అంతే.

వాడు మళ్ళీ ఓడెక్కిన మర్నాడు మెట్లెక్కి వెళ్ళి, తలుపు రెండుసార్లు కొట్టి, ఆగి, మళ్ళీ ఒకసారి కొట్టాను.

"ఎట్నుంచి?"

"చెప్పకూడదు" అన్నాను. అక్క గడియ తీసింది.