నా పెట్టె మీద పెట్టి వెళ్లిన ఫారం

సహోదరులారా, సహోదరీలారా, దేవుడు నన్ను దేని నుండి విడిపించాడో చెప్పాలంటే ముందు నేనెంత పాడు స్థితిలో ఉన్నానో చెప్పుకోవాలి. నేను తాగుబోతును కాను, రోగిని కాను, చూసేవాళ్లకు మంచి మనిషినే. కానీ ఫౌజు నుండి, అంటే మిలిటరీ నుండి ఇంటికి వచ్చిన నాటి నుండి రెండేళ్ల పాటు నా కడుపులో కోపం తప్ప ఇంకేమీ లేదు. అన్నం ముందు కూర్చుంటే కోపం, పోస్టుమాన్ కనిపిస్తే కోపం, కనిపించకపోతే ఇంకా కోపం. కూరలో ఉప్పు సరిపోయిందా అని నా భార్య సుగుణ నన్ను అడగడమే మానేసింది, ఎందుకంటే ఆమె ఏం అడిగినా నా జవాబు తిరిగి తిరిగి ఫౌజు ఆఫీసు దగ్గరికే పోయేది.

నా పేరు సామేలు. మాది మహారాష్ట్రలో బల్లార్పూర్ పక్కన బామ్ని. నాన్న బొగ్గు గనిలో పని చేసేవాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఫౌజులో హిందీ, ఇట్లా మూడు భాషల్లో కోప్పడటం నేర్చుకున్నాను గానీ తెలుగు రాయడం మాత్రం రాలేదు. మందిరంలో పాటలు కూడా మరాఠీ అక్షరాల్లో రాసుకుని పాడతాను. సుగుణ మంచిర్యాల పిల్ల, తెలుగు బడిలో చదివింది, నేను చెబుతుంటే ఇదంతా ఆమే రాస్తోంది. నేనన్న కొన్ని మాటలు రాయనంది, అవి సంఘ పత్రికకు తగవట.

ఇరవై ఏళ్లకు పైగా సేవ చేసి హవల్దారుగా రిటైరయ్యాను. పెన్షన్ వస్తోంది, అందుకు దేవునికి స్తోత్రం. అది కాక, రిటైరయ్యే సిపాయిలకు ఒకేసారి ఇచ్చే బోనస్ ఒకటి ఉంది. దానికి ముందుగానే ఒక ఫారం నింపి, గడువు లోపల ఇవ్వాలి. నాతోపాటు ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ డబ్బు అందింది, నాకు అందలేదు. దాన్ని నమ్ముకుని నేను ఫౌజులో ఉండగానే ఊళ్లో ఇల్లు మొదలుపెట్టాను. గోడలు లేచాయి, పైన స్లాబు పడే వేళకు చేతులు ఖాళీ అయ్యాయి. మేం అద్దె గదిలో ఉంటూ, రోజూ ఆ మొండి గోడల ముందు నుంచే నడిచి వెళ్లేవాళ్లం, నేను గోదాము గేటు దగ్గర కాపలా పనికి, సుగుణ కుట్టు పనికి.

ఫౌజు ఆఫీసుకు చిట్టీ రాశాను. గడువు దాటింది, ఇవ్వడం కుదరదు అని జవాబొచ్చింది. పైవాళ్లకు అప్పీలు చేసుకోవచ్చని తెలిసి, చంద్రాపూర్ వెళ్లి, కచేరీ ముందు చెట్టు కింద టేబుల్ వేసుకుని దరఖాస్తులు రాసే ఒక పెద్దమనిషి దగ్గర కూర్చున్నాను. ఆయన నా కాగితాలన్నీ చూసి, కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, మరాఠీలో ఒకే మాట అడిగాడు, ఈ ఫారం సంగతి మీకు ఎవరైనా చెప్పారా అని. నేను 'నాహీ', లేదు అన్నాను. అయితే మీ అప్పీలులో బలముంది అని ఆయన అదే మాట మీద నాలుగు పేజీలు రాశాడు.

సహోదరులారా, నాకు చెప్పారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు చెప్పారు. మా యూనిట్ ఆఫీసులో బిపిన్ అని ఒక క్లర్కు ఉండేవాడు, నాయక్, అంటే నాకంటే చిన్న ర్యాంకు. అంతకు ముందు ఒకసారి నేను రాసిచ్చిన సెలవు చిట్టీలో తప్పుందని అతను అందరి ముందు చదివి వినిపించాడు, జవాన్లు నవ్వారు. ఆ నవ్వు నా ఒంట్లో ముల్లులా దిగింది. వచ్చి బోనస్ ఫారం నింపి ఇవ్వండి సాబ్ అని అతను కబురు పెట్టినప్పుడల్లా నేను, హవల్దారు నాయక్ టేబుల్ దగ్గరికి వెళ్లడు, కావాలంటే వాడినే రమ్మను అన్నాను. నిజంగానే అతను వచ్చాడు. నేను లేని సమయంలో బ్యారక్‌కు వచ్చి ఆ ఫారాన్ని నా నల్ల పెట్టె మీద పెట్టి, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, కింద గడువు తేదీ కూడా రాసి వెళ్లాడు. నేను దాన్ని పెట్టెలో అట్టడుగున పడేసి తాళం వేశాను. నేనెందుకు పోవాలి, వాడే మళ్లీ వస్తాడు అనుకుంటూ ఉండగా గడువు పోయింది. మనవాళ్లు అంటారు గదా, దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడని, నా సంగతిలో వరమూ ఇచ్చారు, పూజారీ ఇంటికొచ్చాడు, నేనే తలుపు తీయలేదు.

ఇదంతా దాచిపెట్టి నేను మందిరంలో ప్రార్థన మనవి చీటీ వేశాను. మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది, ఎవరి కష్టం వాళ్లు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే పాస్టరు అయ్యగారు గట్టిగా చదువుతారు, అందరూ దానికోసం పస్తులుండి ప్రార్థిస్తారు. నాది మరాఠీ అక్షరాల చీటీ కాబట్టి ఆయన కూడబలుక్కుంటూ చదివారు, క్లర్కు చెప్పకపోవడం వల్ల సామేలు గారికి హక్కు పోయింది, న్యాయం జరగాలి అని. ఆమెన్ అన్నారు అందరూ. నేను కూడా అన్నాను, అందరికంటే గట్టిగా.

కొన్ని నెలలకు జవాబొచ్చింది. నాయక్ బిపిన్ నాకు తెలియజేశానని చెబుతున్నాడు గానీ చూపించడానికి రుజువు లేదు, యూనిట్ వేరే చోటికి మారినప్పుడు ఆ రిజిస్టరు దొరకకుండా పోయింది. కాబట్టి తప్పు అతనిదిగా తీసుకుని అతని మీద విచారణ నడుస్తోంది, నాకు ఎవరూ తెలియజేయలేదని నేను ప్రమాణ పత్రం ఇస్తే నా అప్పీలును అనుకూలంగా చూస్తారు. ఇదీ ఆ ఉత్తరం. చంద్రాపూర్ పెద్దమనిషి స్టాంపు కాగితం కూడా తయారు చేసి, సోమవారం వచ్చి సంతకం పెట్టండి హవల్దార్ సాహెబ్, స్లాబు పోసుకోండి అన్నాడు.

ఆ శుక్రవారం నేను ఉత్తరం పట్టుకుని మందిరానికి వెళ్లి, ప్రార్థన ఆలకించబడిందని నిలబడి చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు రాహేలమ్మ పెద్దమ్మ మోకరించింది. ఆమె బస్టాండు దగ్గర కూరగాయలు అమ్ముతుంది, ఒంట్లో షుగరు ఉంది, పస్తులుండొద్దని డాక్టరు చెప్పినా నాకోసం మూడు శుక్రవారాలు పస్తులుంది. ఆమె చేసిన ప్రార్థన నాకు ఇవాళ్టికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"యేసయ్యా, మా సామేలు ఎండల, చలిల నిలవడి దేశానికి కావలి గాసిండు, ఆయన పైసలు ఆయనకు ఇప్పిస్తున్నవు, నీకు వందనాలు తండ్రీ. ఆ క్లర్కు బిడ్డ ఎవలో నాకెర్క లేదు. ఆయన గూడ ఒక తల్లి కొడుకే గదా. ఇయ్యాల బువ్వ తిన్నడో లేదో. తప్పు జేసుంటే మాఫ్ జెయ్యి. జెయ్యకుంటే మాత్రం ఆయన మీద మచ్చ పడనియ్యకు ప్రభువా, ఆయన దిక్కు నువ్వే నిలవడు."

ఆయన వైపు ప్రభువు నిలబడితే మరి నా వైపు ఎవరు నిలబడతారు? ఇన్నాళ్లూ నేను సంఘమంతటినీ ఒక అబద్ధం కోసం పస్తులుంచాను, ఒక నిరపరాధి ఉద్యోగం తీసేయమని దేవునికే అర్జీ పెట్టాను! అందరూ ఆమెన్ అంటుంటే నేను అనలేదు. గబగబా బయటికొచ్చి ఇంటికి నడిచాను.

మిట్టమధ్యాహ్నం నల్ల పెట్టె తెరిచి, అడుగున ఉన్న ఫారం తీసి సుగుణ ముందు పెట్టాను.

"ఇదేంది?" అంది.

"బోనస్ ఫారం. ఆయన నాకు ఇచ్చిండు. నేనే ఇయ్యలే."

ఆమె పెన్సిల్ గుర్తుల మీద వేలు పెట్టి చూసింది. "అయితే నాతోని గూడ రెండేండ్లు అబద్ధమే ఆడితివి," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ల ఫౌజులో నేను అట్లా ఏడవలేదు. సుగుణ లేచి స్టవ్ ఆపి వచ్చి కూర్చుంది. "స్లాబు కాకుంటే రేకులేసుకుందాం తీ. గీ కాయితం మాత్రం ఎవలిదో వాళ్లకు పంపు," అంది. ఇద్దరం అక్కడే మోకరించాం. ప్రభువా, డబ్బు పోయినా ఫరవాలేదు, ఆ మనిషిని విడిపించు, నన్ను కూడా విడిపించు అని ప్రార్థించాను. రెండేళ్లలో నేను నిజంగా చేసిన మొదటి ప్రార్థన అదే.

సోమవారం చంద్రాపూర్ వెళ్లాను. పెద్దమనిషి ఫారం చూసి తల పట్టుకున్నాడు, గెలిచిన కేసు చేతులారా పోగొట్టుకునే పిచ్చివాణ్ణి ఇప్పుడే చూస్తున్నా అన్నాడు. అయినా నేను చెప్పింది చెప్పినట్టు రాశాడు: నాయక్ బిపిన్ నాకు నాలుగుసార్లు తెలియజేశాడు, ఫారం నా దగ్గరికి తెచ్చి ఇచ్చాడు, తప్పు పూర్తిగా నాది, నా అప్పీలు వెనక్కి తీసుకుంటున్నాను. ఫారాన్ని దానికి జతచేసి రిజిస్టర్ పోస్టులో పంపాను. చెడిపోయిన స్టాంపు కాగితానికి కూడా ఆయన డబ్బులు తీసుకున్నాడు, అది న్యాయమే.

తర్వాతి శుక్రవారం సంఘం ముందు నిలబడి అంతా ఒప్పుకున్నాను. కొందరు తల దించుకున్నారు, ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు కూడా, వాళ్లను నేను తప్పుపట్టను. రాహేలమ్మ పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, పెద్దమ్మా, నిన్ను అబద్ధానికి పస్తులుంచిన, మాఫ్ జెయ్యి అన్నాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఏం మనిషివి కొడుకా," అంది. "మూడు శుక్రవారాలు కడుపు మాడ్చుకుంటి. నిజం ముందే చెప్తే ఒక్క శుక్రవారంల ఒడిసిపోతుండె గదా."

అందరూ నవ్వారు. నవ్వింది నన్ను చూసే, అయినా ఈసారి అది నాకు గుచ్చుకోలేదు.

అప్పీలు కొట్టివేశామని కొన్ని వారాలకు మూడు ముక్కల ఉత్తరం వచ్చింది. మా ఇంటికి రేకులు వేశాం. వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడదు, సుగుణకు అదే బాగుందట.

ఒక రోజు గేటు దగ్గర డ్యూటీలో ఉండగా తెలియని నంబరు నుండి ఫోనొచ్చింది. అవతల బిపిన్. తిడతాడు, తిట్టనీ, నేను పడాల్సిందే అనుకుని నిలబడ్డాను. అతను తిట్టలేదు. తన మీద విచారణ మూసేశారని చెప్పాడు, ఆ రోజు సెలవు చిట్టీ అందరి ముందు చదవడం తన తప్పేనని చెప్పాడు. నన్ను క్షమించు తమ్ముడూ అని హిందీలో అన్నాను. తర్వాత అతను ఫోను పెట్టేసే ముందు, ఊళ్లో ఇల్లు కడుతున్నానని నేను యూనిట్‌లో రోజూ చెప్పుకునే మాట జ్ఞాపకం పెట్టుకుని అడిగాడు, "సాబ్, మీ ఇల్లు పూర్తయిందా?" అని.

ప్రియులారా, నేను ఎవరి కూడు తీయబోయానో ఆ మనిషి నా ఇంటి గురించి అడిగాడు. అంతటి కనికరం మనుషుల హృదయంలో పెట్టే దేవుడు నా మీద ఎంత కనికరపడి ఉంటాడో అప్పుడు తెలిసింది, గేటు దగ్గర లారీలు హారన్ కొడుతున్నా నేను గేటు తీయకుండా అట్లాగే నిలబడిపోయాను. మహిమంతా ఆయనకే, నాది ఇందులో ఏమీ లేదు. ఇది చదివే మీలో ఎవరైనా ఒక మనిషికి ముఖం చూపించలేక తప్పించుకు తిరుగుతుంటే, ఈ పాపిని చూసి ధైర్యం తెచ్చుకోండి. యేసయ్యను నమ్మి, ఇవాళే ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా వెళ్లడం కష్టమైతే నాకు కబురు పెట్టండి, డ్యూటీ దిగాక నేను మీ వెంట వస్తాను.