గొర్రెలు పడుకున్నాక బడి

మా ఇంట్లో పాఠం మొదలుకావాలంటే ముందు గొర్రెలకు కడుపు నిండాలి. పొద్దున మేతకు వదిలితే, ఎండ నడినెత్తికి వచ్చేసరికి అవే ఒక నీడ వెతుక్కుంటాయి. ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి, పడుకుని నెమరు వేస్తాయి. అప్పుడు నేను చింతచెట్టు కిందో కానుగచెట్టు కిందో పాత ఫ్లెక్సీ పరుస్తాను. పిల్లలిద్దరూ పలకలు తెచ్చుకుంటారు. మళ్లీ ఏదో ఒక పొట్టేలు లేచి ఒళ్లు విదిలించే వరకూ మా బడి. ఆ పొట్టేలే మాకు గంట. దానికి తొందరగా ఆకలేసిన రోజు మా అబ్బాయికి పండగ.

మాది మదనపల్లెకూ పుంగనూరుకూ మధ్యన ఒక మెట్ట ఊరు. వానాకాలం ఊళ్లోనే ఉంటాం. పైర్లు కోసి పొలాలు ఖాళీ అయ్యాక మందను తోలుకుని వెంకటగిరికోట మీదుగా కుప్పం వైపు పోతాం. దారిలో రైతులు రమ్మంటారు. రాత్రికి వాళ్ల పొలంలో మంద ఆపితే చేనుకు ఎరువు, మాకు రాగులు. ఏడాదిలో సగం ఇట్లా దారుల మీదే గడుస్తుంది. అమ్మాయికి బడి ఈడు వచ్చాక ఊరి బడిలో పేరు రాయించాం కానీ, కనిపించని పిల్ల పేరు వాళ్లు మాత్రం ఎన్నాళ్లని పెట్టుకుంటారు? ఊళ్లో వదిలి వద్దామంటే ఇంట్లో పెద్దదిక్కు లేదు. మా అత్త పోయి చాలా ఏళ్లయింది. అందుకని నేనే చెప్పడం మొదలుపెట్టాను.

నాకు అక్షరాలు వచ్చి కూడా ఎక్కువ కాలం కాలేదు. పెళ్లయిన చాలా ఏళ్లకు అమ్మాయి కడుపున పడింది. అప్పటికే నా చెవుల పక్కన వెంట్రుకలు నెరుస్తున్నాయి. కదలకుండా పడుకోవాలని చెప్పి మదనపల్లెలో ఆసుపత్రిలో ఉంచేశారు. పక్క మంచం అమ్మాయికి తోడుగా ఒక అవ్వ వచ్చి ఉండేది. కిరస్తానీ ఆమె. పెద్ద అక్షరాల బైబిలు ఒళ్లో పెట్టుకుని పైకి చదువుకునేది. నేను రోజంతా గోడ చూస్తూ పడుకోవడం ఆమెకు నచ్చలేదు. "గోడలో ఏముండాదమ్మా అట్ల సూస్తాండావు? ఆ సూసేదేదో ఈడ సూడు" అని పుస్తకం నా ముఖం ముందు పెట్టి, అక్షరం అక్షరానికీ వేలు పెట్టి చూపించింది. ఆసుపత్రి వదిలేనాటికి నేను కూడబలుక్కుని చదవగలిగాను. ఇంటికి పాపనూ తెచ్చుకున్నాను, అక్షరాలనూ తెచ్చుకున్నాను. రెండింటినీ కలిపే పెంచాను. పాపను ఒళ్లో వేసుకుని బియ్యం సంచి మీద రాసింది, సబ్బు కాగితం మీద రాసింది పైకి చదువుతుంటే, అది పాలు తాగడం ఆపి నా నోటి వైపు చూసేది.

మా బడికి పరిచే ఫ్లెక్సీ ఎవరిదో నాయకుడి పుట్టినరోజుది. ఊరి చివర చింపి పడేస్తే, వానకు గుడారం మీద కప్పడానికి మా ఆయన తెచ్చాడు. సగం ముఖం, ఒక నమస్కారం, తలకాయంత అక్షరాలు. అంత పెద్ద అక్షరాలు ఏ బడిలో ఉంటాయి? పిల్లలు వాటి మీద కూర్చుని, పొర్లుకుని, వేళ్లతో దిద్దుకుని నేర్చుకున్నారు. మా అబ్బాయికి అ ఆలు రాకముందే 'శుభాకాంక్షలు' వచ్చింది. ఎవరు కనిపించినా అదే రాసి చూపించేవాడు.

లెక్కలు నాకు కష్టం. పుంగనూరు సంతలో పాత కాగితాల అంగడి నుంచి రెండో తరగతి పుస్తకం తెచ్చుకున్నాను. పిల్లలు మేతకు వాళ్ల నాన్న వెంట పోయినప్పుడు నేను రేపటి పాఠం చూసి పెట్టుకునేదాన్ని. వాళ్లకంటే ఒక పాఠం ముందుండేదాన్ని, కొన్నిసార్లు అర పాఠం. ఏడో ఎక్కం ఉన్న పేజీని ఒక గొర్రెపిల్ల నమిలేసింది. ఆ ఎక్కం టీ అంగడి ఆయన్ను అడిగి మా ఆయన నోటితో మోసుకొచ్చాడు, దారి పొడవునా గొణుక్కుంటూ. కూడికలు శెనక్కాయలతో చేసేవాళ్లం. మా అబ్బాయి మధ్య మధ్యన తినేవాడు కాబట్టి ఎంత కూడినా తగ్గేవి. మదనపల్లె చుట్టుపక్కల ధర పడిపోయి టమోటాలు రోడ్డు పక్కన పారబోసిన రోజుల్లో గొర్రెలకు మేత, మాకు గుణకారాలు.

ఇదంతా నాకు బాగానే ఉంది. మా వదినకు బాగాలేదు.

వదిన అంటే మా ఆయనకు అక్క. కుప్పంలో రైలు పట్టాల దగ్గర ఇల్లు. వాళ్లాయన గ్రానైటు రాళ్లకు పాలిష్ పట్టే పని చేస్తాడు. బిడ్డలు పెద్దవాళ్లయి వెళ్లిపోయారు. ప్రతి ఏడూ మంద ఊరి బయటికి చేరగానే మమ్మల్ని ఇంటికి పిలిచి, పిల్లలకు తలంటి పోసి, దోసెలు పోసి పెట్టేది. ఆమె వీధి చివర ఒక కాన్వెంటు ఉంది. దాని పసుపు బస్సు వాకిట్లో ఆగుతుంది. ఆ బస్సును చూసినప్పుడల్లా మా పిల్లల్ని తన దగ్గర వదలమనేది. మేము నవ్వి ఊరుకునేవాళ్లం. అమ్మాయికి రెండో తరగతి ఈడు వచ్చిన ఏడు మాత్రం ఆమె మమ్మల్ని నవ్వి ఊరుకోనివ్వలేదు.

"ఏం మే, గొర్రెల్తో పెరిగితే బిడ్డలూ గొర్రెలే అయితారు. ఇద్దర్నీ ఈడ వదిలిపెట్టు" అంది.

నేను చెప్తున్నాను కదా వదినా అన్నాను.

"నువ్వా? నువ్వు నేర్సుకునిందే నిన్న గాక మొన్న. దోసె తిప్పను రానోళ్లు హోటలు పెట్టినట్ల ఉండాది."

నాకు నవ్వొచ్చింది. కానీ మా ఆయన నవ్వలేదు. అక్క మాటలో కూడా న్యాయం ఉండాదే అన్నాడు మెల్లిగా. అప్పుడు భయం వేసింది. ఆమె ఒక్కతే అయితే ఎట్లాగో గెలుస్తాను. ఇద్దరూ ఒకవైపు అయితే పిల్లలు కుప్పంలో, నేను ఖాళీ ఫ్లెక్సీ ముందు.

మాటలు పెరిగి చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. వదిన పక్కింట్లో రిటైరైన టీచరమ్మ ఒకామె ఉంది. రేపు పొద్దున ఆమె మా అమ్మాయిని పరీక్ష చేస్తుంది. రెండో తరగతి పిల్లలకు వచ్చినంత వస్తే పిల్లలు మాతో వస్తారు. రాకపోతే ఇద్దరూ ఇక్కడే ఉండి కాన్వెంటుకు పోతారు. నేనూ సరేనన్నాను. అనకపోతే నా చదువు మీద నాకే నమ్మకం లేనట్టు ఉంటుంది కదా.

సాయంత్రం అమ్మాయికి జడ వేస్తూ సంగతి చెప్పాను. తప్పితే అత్త దగ్గరే ఉండాలి అన్నాను. అది కాసేపు ఆలోచించి, అత్త దినామూ దోసెలు పోస్తాదా అని అడిగింది. పోస్తుంది అన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చోవచ్చా అని అడిగింది. నేను జడ కొంచెం గట్టిగా లాగాను.

మరుసటి రోజు వసారాలో చాప పరిచారు. టీచరమ్మ ముక్కు మీదికి జారే కళ్లద్దాలతో, తమిళ యాస కలిసిన తెలుగుతో, నెమ్మదైన మనిషి. ఆ రోజు పేపరు ఇచ్చి చదవమంది. మా అమ్మాయి పెద్ద అక్షరాలు చదివింది, చిన్న అక్షరాలు చదివింది. చాలు అన్నా ఆగలేదు. పేజీ కింద ఎవరో పోయినాయన ఫోటో ఉంటే 'అశ్రునివాళి' అని ఊరంతా వినేలా చదివింది. పొద్దున్నే అదేం చదువు లేమ్మా అని వదిన పేపరు లాక్కుంది. తర్వాత టీచరమ్మ చెప్పిన మాటలన్నీ రాసింది. ఒత్తులు నావిలాగే లావుగా ఉన్నాయి.

అప్పుడు టీచరమ్మ రంగురంగుల బొమ్మల పుస్తకం తీసింది. కంచె, కంచెలో గొర్రెలు, పక్కన ఒక గుడిసె.

"ఇందులో ఎన్ని గొర్రెలుండాయో సెప్పు పాపా."

అమ్మాయి బొమ్మను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. "అన్నీ ఉండాయి" అంది.

"అన్నీ అంటే ఎన్ని?"

అమ్మాయి నా వైపు చూసింది. పాపం, టీచరమ్మ సాయం చేద్దామని తనే వేలు పెట్టి ఒకటి, రెండు అంటూ మొదలుపెట్టింది. అంతే, పక్కన కూర్చున్న మా అబ్బాయి ఎగిరి వచ్చి ఆమె వేలిని రెండు చేతులతో పట్టేసుకున్నాడు.

"వేలు పెట్టొద్దు అవ్వా. ఒకటి తగ్గిపోతాది."

"సూస్తివా?" అంది వదిన మా ఆయనతో. "పేపరంతా సదివి ఏం లాభం? పది లెక్కపెట్టను రాలేదు." మా ఆయన నేల వైపు చూస్తున్నాడు.

నాకు అప్పుడు తట్టింది. మా ఇళ్లలో మందను ఎవరూ లెక్కపెట్టరు. వేలు చూపించి లెక్కపెడితే దిష్టి తగులుతుందని, మరుసటి రోజుకు ఒకటి తక్కువవుతుందని మా అత్త అనేది. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి లోపలికి పోయే ముఖాలు చూస్తాం. రానిది ఏదో చూస్తూనే తెలిసిపోతుంది. ఎన్ని ఉన్నాయని ఎవరైనా అడిగితే, ఏవో ఉండాయిలే అంటాం. పిల్లలకు ఇది ఎవరూ నేర్పరు, మాటలతో పాటే వచ్చేస్తుంది. నేను శెనక్కాయలతో నేర్పాను, టమోటాలతో నేర్పాను, గులకరాళ్లతో నేర్పాను. కళ్ల ముందు అంత మంద ఉన్నా, గొర్రెలతో లెక్కలు చెప్పాలని నాకు తోచనే లేదు.

ఇదంతా టీచరమ్మకు చెప్పాను. ఆమె ఓపికగా విని, ఇవి బొమ్మలు కదమ్మా అంది. బొమ్మలైనా గొర్రెలే కదా అన్నాను.

టీచరమ్మ కాసేపు అద్దాలు తుడుచుకుంది. తర్వాత పుస్తకం వదిన ఒళ్లో పెట్టింది. "నువ్వూ ఆ ఇంటి ఆడబిడ్డవే కదా. నువ్వు లెక్కపెట్టి సూపించు."

"దానికేమి?" అని వదిన వేలు చాపింది. మొదటి గొర్రె మీదికి పోయిన వేలు అక్కడే ముడుచుకుంది. మళ్లీ చాపింది. మళ్లీ ముడుచుకుంది. మా ఆయన ఆ రోజు మొదటిసారి తలెత్తాడు.

"లెక్కపెట్టక్కా" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకోరా" అని వదిన పుస్తకం పక్కన పెట్టేసి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఒకసారి తనకు లెక్క వచ్చిందని చూపించడానికి దొడ్డి గోడెక్కి మందనంతా గట్టిగా లెక్కపెట్టిందట. మరుసటి రోజే నక్క ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. "మా యమ్మ కొట్టిన దెబ్బ ఇబ్బుడే పడినట్ల ఉండాది నా ఈపు మీద" అంది. మా ఆయనకు కూడా ఆ సంగతి తెలియదు. అప్పటికి ఆయన పుట్టలేదు. అదే తను లెక్కపెట్టిన ఆఖరి లెక్క అని కూడా వదిన చెప్పింది. ఆమెను ఎవరూ బడికి పంపలేదు.

టీచరమ్మ పుస్తకం మళ్లీ అమ్మాయి ముందు పెట్టింది. "సరే పాపా, ఇవి గొర్రెలు కాదు. టమోటా బాక్సులు. మండీలో దించి ఉండారు. ఎన్ని?"

అమ్మాయి వేలు కూడా కదపకుండా చెప్పేసింది. లారీకి రెండు ఎక్కిస్తే మిగిలేవి ఎన్నో చెప్పింది. ఒక్కో బాక్సు మోయడానికి ఇద్దరు మనుషులు కావాలంటే ఎంతమంది కావాలో చెప్పింది. మా అబ్బాయి పుస్తకంలోకి వంగి చూసి, బాక్సులకు కాళ్లు యాల ఉండాయి అని అడిగాడు.

"ఇంగ్లీషు?" అంది టీచరమ్మ.

అమ్మాయి 'స్టాప్', 'హారన్', 'ప్లీజ్' అంది. ఇంకా అంటే లేదు అంది. ఇంగ్లీషు నాకు రాదు. లారీల వెనక ఉన్నంతే మా బడిలో ఉంది.

టీచరమ్మ తీర్పు చెప్పింది. తెలుగు మూడో తరగతికి సరిపోతుంది. లెక్కలకు లోటు లేదు. ఇంగ్లీషు మాత్రం లారీ దాటలేదు. పిల్లలు తల్లితోనే పోవచ్చు, కానీ మంద కుప్పం దగ్గర ఉన్నన్నాళ్లూ పొద్దున పూట తన దగ్గరికి పంపాలి. ఊరికి తిరిగి పోయాక ఫోన్లో పాఠం చెప్తుంది.

మా ఆయన వదిన వైపు చూశాడు. నేనూ చూశాను. ఓడిపోయిన మనిషి ముఖంలా లేదు ఆమెది. ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లు పాఠం టీచరమ్మది, అన్నం తనది, మధ్యలో నేను దూరకూడదు అంది. "నువ్వు పో గొర్రెల కాడికి."

"నాకూ ఇంగ్లీషు రాదు కదా వదినా. నేనూ కూసుంటా" అన్నాను.

"ఇంతకీ ఈమెకు దోసె తిప్పను రాదని నేను మొదటే సెప్పలా" అంది ఆమె టీచరమ్మతో.

మరుసటి రోజు పొద్దున వసారాలో అదే చాప మీద ముగ్గురం కూర్చున్నాం. మా అబ్బాయి మొదటి రోజే నాకంటే ముందుకు పోయి, నా పలక వైపు వంగి, అట్లా కాదమ్మా అని దిద్దాడు. టీచరమ్మ పైకి అక్షరం చెప్తే మేము ముగ్గురం పైకి చెప్పేవాళ్లం. మా వెనక గడప మీద వదిన చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. చాలాసేపు ఏరింది. అక్షరం చెప్పినప్పుడల్లా మూడు గొంతుల వెనక, కొంచెం ఆలస్యంగా, నాలుగో గొంతు సన్నగా వినిపించేది. మేమెవరమూ వెనక్కి తిరిగి చూడలేదు.