చేపల ఐసులో పెట్టిన ఆర్‌ఎన్‌ఏ

నా చివరి పోస్టింగు ఆకివీడులోని ఒక రొయ్యల పరీక్షశాలలో, సీనియర్ టెక్నీషియన్‌గా. బడికి వెళ్లని నాకు తాడేపల్లిగూడెంలో మా నాన్నగారే ఇంటి దగ్గర చదువు చెప్పి, ప్రైవేటుగా పరీక్షలు రాయించారు. అందుకు ఈనాటికీ దేవునికి కృతజ్ఞురాలిని.

రిటైరయ్యే ముందటి వేసవిలో ఒక ఉదయం ఏసురత్నం గారనే రైతు చెరువులో పోసేముందు పరీక్ష కోసం రొయ్య పిల్లలు తెచ్చారు. కిందటి పంట వైరస్‌తో పోయింది. ఈసారీ పోతే చెరువు కౌలు వదులుకోవలసిందే. పిల్లల్ని ఆక్సిజన్ సంచుల్లో వ్యానులోనే ఉంచి, ఫలితం కోసం కూర్చున్నారు.

మేము వెతికేది ఆర్‌ఎన్‌ఏ రకం వైరస్. ఆర్‌ఎన్‌ఏ అనే దాని జన్యుపదార్థం ఒంటిపేట దారం లాంటిది. తన మీదికి తానే మడతపడి జడపిన్నులా ముడుచుకుంటుంది. మేము గుర్తుపట్టవలసిన చోటు ఆ మడతలో దాగితే పరీక్షకు అందదు. అందుకని వేడిచేసి మడతలు విప్పి, మళ్లీ ముడుచుకునే వ్యవధి ఇవ్వకుండా వెంటనే ఐసులో గుచ్చుతాం.

వైరస్ ఉందని ముందే తెలిసిన నమూనా ఒకటి ప్రతిసారీ పక్కన నడుపుతాం. దాన్ని కంట్రోల్ అంటారు. ఆ రోజు పిల్లల్లో వైరస్ కనపడలేదు. కంట్రోల్‌లోనూ కనపడలేదు.

రిపోర్టు ఇవ్వలేనన్నాను. “లేదనే కదండీ వచ్చింది?” అన్నారాయన. కంట్రోల్ సంగతి చెప్పి, వ్యానులో ఉన్న వల దారం గట్టిగా మెలిపెట్టి వదులు చేశాను. అది తన చుట్టూ తానే పెనవేసుకుంది. లోపల ఇలా ముడుచుకుంటే వైరస్ ఉన్నా మాకు కనపడదన్నాను. ఆయన ఆ దారం చూసి, “అయితే మేడమ్ గారూ, మీ ఇంట్లో కట్టేసిన దొంగే మీకు కనపడలేదన్నమాట” అన్నారు. అంతేనండీ అన్నాను.

వెతికితే, మా ఐసు మిషను ఆగిపోయి ఉంది. పెట్టెలో ఐసంతా కరిగి నీళ్లు వెచ్చబడ్డాయి. వేడిచేసిన నమూనాల గొట్టాలు అందులో మెల్లగా చల్లారేసరికి మడతలు మళ్లీ పడి ఉంటాయనుకున్నాం. ఐసు కావాలంటే ఆయన నవ్వారు. “ఆకివీడులో ఐసుకు కరువాండీ?” అని చేపల ప్యాకింగ్ షెడ్డు నుంచి ఒక బస్తా మోయించుకొచ్చారు. చేపల వాసన గుప్పుమంది. దాన్ని కొత్త ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, మూతలు బిగించిన గొట్టాలను వాటి మధ్య దూర్చాం.

మొదటినుంచీ మళ్లీ చేశాం. పరీక్ష మిషను నడుస్తున్నంతసేపూ మనసులో ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. వైరస్ ఉంటే పడే గీత కంట్రోల్ వరుసలో స్పష్టంగా వచ్చింది. పిల్లల వరుస ఖాళీగానే ఉంది.

“ఈ ‘లేదు’ నమ్మొచ్చాండీ?” అని అడిగారు ఏసురత్నం గారు.

“నమ్మొచ్చండి. వెళ్లి పోసుకోండి.”

వ్యాను కదిలింది. పొద్దు వాలకముందే పిల్లలు చెరువులో పడ్డాయని కబురొచ్చింది. దేవునికీ, ఆ ఐసు షెడ్డు వారికీ దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత నేను పనిలో ఉన్నన్నాళ్లూ, ఐసులో చెయ్యి పెట్టి చూశాకే హీటరు స్విచ్చి వేసేవాళ్లం. కంట్రోల్ కనపడని రోజున వచ్చిన ‘లేదు’ ఫలితం కాదు. ఆ రోజు పరీక్ష జరగలేదనే దాని అర్థం.