దొరబొంద దాకా వెళ్లొచ్చాను

మా నాయిన పాట్రిక్ మంచం పట్టి నాలుగు నెలలైంది. "నా సమాధి సిలువ మీద పేరు ఇంటిపేరుతో రాయించు. గానీ అసలు ఇంటిపేరేందో కనుక్కొని రాయించు" అని ఒకటే పట్టు. నేను ఖమ్మంలో మోటార్లకు వైండింగ్ చేస్తాను. బడికీ నాకూ ఏడో తరగతిలోనే విడాకులైపోయాయి.

మా ముత్తాత ఐర్లండు నుంచి గోదావరి ఒడ్డున టేకు డిపోలో పనికి వచ్చాడట. పెద్దకొడుకుకు తాత పేరు పెట్టడం వాళ్ల పద్ధతి. అప్పటినుంచి మా ఇంట్లో ఒక తరం పాట్రిక్, మరో తరం జాన్, అటూ ఇటూ మారే ఏసీ కరెంటులాగా. నేను జాన్‌ను. ఇంటిపేరు బల్లినా. మొన్న మా చర్చి సిస్టరమ్మ అట్లాసు తెరిచి, బల్లినా అంటే అక్కడ ఒక ఊరని చూపించింది. మనవాళ్లు "మీ ఇంటిపేరేంది దొరా?" అని అడిగి ఉంటారు. ఇక్కడ సగం ఇంటిపేర్లు ఊళ్లవే కదా, ఆయన తన ఊరు చెప్పి ఉంటాడు. ఆ సంగతి విన్నప్పటినుంచి నాయినకు నిద్ర లేదు. దుమ్ముగూడెం దారిలో దొరబొంద అనే చోట ముత్తాత సమాధి ఉందని మాత్రం ఆయనకు తెలుసు. రాతి మీద అసలు పేరు ఉంటుందన్న ఆశతో 2006 ఫిబ్రవరిలో బయల్దేరాను.

ఉదయం అయిదూ నలభైకి ఖమ్మంలో భద్రాచలం బస్సు. కొత్తగూడెంలో పది నిమిషాలు ఆపితే ఇడ్లీ తిన్నాను. గట్టివే గానీ చట్నీ కాపాడింది. తొమ్మిదికి గోదావరి వంతెన దాటాం. అక్కడినుంచి జీపు. వెళ్లదలచినవారు నీళ్లసీసా మరిచిపోవద్దు, సాయంత్రం నాలుగు దాటితే జీపు దొరకదు.

పక్కన కోళ్లగంపతో కూర్చున్నామె అడిగింది: "దొరబొంద కాడ నీకేం పని సారూ?"

"మా ముత్తాతను చూసొస్త."

"ఇంకా ఉన్నడా?"

"ఉన్నడమ్మా. అక్కణ్ణుంచి కదల్లే."

జీపంతా నవ్వింది. పదకొండింటికి నన్ను టేకుచెట్ల దగ్గర దించి వెళ్లిపోయింది.

బండరాయి సగం భూమిలో దిగి ఉంది. మట్టి గోకి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. పాట్రిక్, బల్లినా. అంతే. చెక్కినవాడికీ ఊరే తెలుసన్నమాట. రాయి పక్కనే కూర్చున్నాను.

మేకలు తోలుకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది. ఎవరి మనిషినో చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఇన్నేండ్లకా వచ్చేది? ఇప్పపూలు ఏరెటప్పుడు మా పెద్దలతో పాటు మీ దొరకు గూడ ఇంత కల్లు పోస్తున్నం. ఒక్కనాడూ వద్దనలే."

పక్కనే రాళ్లకుప్ప ఒకటి ఉంది. ఎవరిదని అడిగాను.

"దొర పెండ్లాం. మా తాత చెల్లె."

"వాళ్ల నాయినమ్మ పేరు మేరీ అని మా నాయిన చెప్తడు."

"మేరీ మీకు. మాకు జోగమ్మ. ఆమె పోయినంక పుట్టిన్నని నాకు ఆమె పేరే పెట్టిండ్రు."

"మరి నీ పేరు ఎవరికి పెడ్తరు?"

"ఏంది నీ తొందర? ముందు నేను పోవాలె గదా, కొడుకా!"

ఆ రాళ్లకుప్ప ముందు చెప్పులు విప్పి నిలబడ్డాను. భద్రాచలం వెళ్లే జీపు హారన్ వినిపించేదాకా జోగమ్మ కూడా పక్కనే నిలబడింది.

మూడింటికి భద్రాచలం బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య రిసీవర్ నాయిన చెవి దగ్గర పెట్టింది.

"ఇంటిపేరు దొరకలే నాయినా. రాయి మీద గూడ ఊరే ఉంది." తర్వాత ఇద్దరు జోగమ్మల సంగతీ చెప్పాను.

"మా నాయినమ్మ పేరు గూడ తెల్వకుండ ఎనభై ఏండ్లు బతికిన్రా జానూ" అన్నాడు. "గట్లనే రాయించు. పాట్రిక్ బల్లినా. కింద, జోగమ్మ మనుమడు."

"సరే నాయినా."

మూడున్నర బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. టికెట్టు వెనక ఆ రెండు వరుసలూ రాసుకున్నాను. పాల్వంచ దాటేదాకా దాన్ని చూస్తూనే ఉన్నాను. నేను పోయింది ఒక దొర పేరు కోసం. ఆ అడవి మాత్రం మా ఇంటి ఆడమనిషి పేరును ఇంకొకరికి పెట్టి, పిలుస్తూ, దాచి ఉంచింది.

టికెట్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. చెక్కేవాడికి ఇచ్చే తొందర నాకేం లేదు.