ఖాళీ బండికి వెనక బరువు

అరవై నాలుగో అరవై ఐదో, సంవత్సరం కచ్చితంగా చెప్పలేను. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు సింధనూరు చుట్టుపక్కలకు అంది కొన్నేళ్ళయింది. జొన్న చేలు ఒక్కటొక్కటే వరి మళ్ళవుతున్నాయి. మస్కి రోడ్డు మీద రేకుల షెడ్డులో నాకు చిన్న వర్క్‌షాపు ఉండేది. మాది కృష్ణ ఒడ్డున దేవసూగూరు. పని నేర్చుకుంది రాయచూరులో, ఒక ఉస్తాదు దగ్గర. బండి మొరాయించగానే దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ముందు ఆయిలు మార్చి, ఆ తర్వాత ఏం కట్టుకుంటావో కట్టుకో అనేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇప్పుడీ సంగతి చెబుతున్నానంటే నాకే వింతగా ఉంది.

ఆ వేసవిలో బాళగనూరు దగ్గరి క్యాంపు నుంచి వెంకటరత్నం అనే రైతు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్ళ ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. ఆయన తెచ్చింది మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పాత పికప్పు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక పైకప్పు లేని తొట్టి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఏర్పాటు. మనిషి ఎంత మర్యాదస్తుడంటే, పానాను కూడా ‘అండీ’ అని పిలుస్తాడేమో అనిపించేది.

"నర్సప్పగారూ, వానల్లో ఎంత బురదైనా సరే, ఈ బండి ఆగకూడదండి. ఏం చేస్తారో మీ ఇష్టం" అన్నాడు.

"గది నల్లరేగడి అయ్యా. వాన పడ్తే ఎడ్లే దిగబడ్తయి. ఆగకుంట పోవుడంటే ఎట్ల?" అన్నాను.

ఆయన తల వంచుకుని అసలు సంగతి చెప్పాడు. కిందటేడు వానల్లో ఆయన భార్య కమలకు నొప్పులొచ్చాయట. ఎడ్లబండిలో సింధనూరు ఆస్పత్రికి బయల్దేరితే దారి మధ్యలో బండి ఇరుసు దాకా దిగబడింది. ఆస్పత్రి చేరేసరికి కడుపులో బిడ్డ పోయింది. ఇప్పుడు ఆమె మళ్ళీ కడుపుతో ఉంది. ఈసారీ వానల్లోనే కాన్పు.

ఆ మాట విన్నాక బేరం ఆడలేకపోయాను. పనిలోకి దిగాను.

ఈ పని గురించి కాస్త చెప్పాలి. యాక్సిల్ అంటే రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఇరుసు. పాతది సన్నం, బురదలో చక్రం బిగుసుకుపోతే పుటుక్కుమంటుంది. పాడైన పెద్ద బండి ఒకటి దొరికితే దాని లావుపాటి యాక్సిళ్ళు విప్పి తెచ్చాను. నాలుగు చక్రాలూ తిరిగే బండికి వెనక యాక్సిల్ ఒక్కటే మారిస్తే సరిపోదు. ముందూ వెనకా గేర్ల పళ్ళ లెక్క ఒకటి కాకపోతే చక్రాలు ఒకదాన్నొకటి పీక్కుంటాయి, అందుకని రెండూ మార్చాను. తర్వాత సస్పెన్షన్, అంటే బండి బరువు మోసే కమాను పట్టీలు. కమ్మరి కొలిమిలో వాటికి మళ్ళీ వంపు పెట్టించి, అదనంగా పట్టీలు చేర్చి, బండిని జానెడు పైకి లేపాను. బురద ఇక కడుపుకు తగలదు.

దీంతో ఒక చిక్కుంది. అంత గట్టి కమాన్ల మీద ఖాళీ బండి నిలకడగా ఉండదు. వెనక చక్రాలు నేలను పట్టకుండా ఎగురుతాయి, బురదలో ఊరికే తిరుగుతాయి.

"అయ్యా, వెనక ఇసుక బస్తాలు ఏస్కోని తిరుగుండ్రి. బరువుంటెనే ఇది బండి. లేకుంటె ఉత్త గుర్రమే" అన్నాను.

కొన్నాళ్ళకు రత్నం మళ్ళీ వచ్చాడు. బండి బంగారంలా నడుస్తోందన్నాడు, కానీ ముఖం అలా లేదు.

"ఒకచోట చప్పుడు వస్తోందండి. వెనక ఎడమ పక్క. ఎవరో తొట్టిని అరచేత్తో కొట్టినట్టు, ఒక్కటే దెబ్బ. రోజూ అదే చోట."

లారీల మీద పనిచేసినవాళ్ళకు ఈ భాష తెలుసు. వెనక నిలబడ్డ క్లీనరు తొట్టి మీద ఒక దెబ్బ కొడితే ఆపమని, రెండు కొడితే పొమ్మని. డ్రైవరు చెవికి అది అమ్మ పిలుపంత అలవాటు. ఆ దెబ్బ వినగానే రత్నం కాలు దానంతటదే బ్రేకు మీదకు పోతోందట. దిగి చూస్తే ఎవరూ ఉండరు.

షాకిల్ వదులైందేమో అనుకున్నాను. కమాను కొసను బండికి తగిలించే గొలుసు కొక్కెం లాంటిది అది. విప్పి చూస్తే బిగువుగానే ఉంది. తొట్టి తలుపు గొళ్ళెం, కమాన్లను పట్టి ఉంచే బోల్టులు, అన్నీ సరిగానే ఉన్నాయి. నా పనిలో చప్పుడు రావడమేమిటని రోషం పుట్టి, నేనే చూస్తానని బండెక్కాను.

క్యాంపుకూ మెటల్ రోడ్డుకూ మధ్య ఒక పెద్ద బీడు ఉంది. చుట్టూ పచ్చగా వరి మళ్ళు, మధ్యలో అది ఒక్కటే దున్నకుండా వదిలేసిన నేల. పక్క ఊరివాళ్ళు కాలువ గట్టు మీదుగా చుట్టు తిరిగి పోతారు కానీ అందులో అడుగు పెట్టరు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళకు ఖాళీ నేల కనబడితే ఎందుకు ఖాళీగా ఉందని అడిగే ఓపిక ఎక్కడిది? అడ్డదారి దొరికిందని సంతోషించారు. కొత్త యాక్సిళ్ళు వేశాక రత్నం రోజూ దానికి అడ్డం పడే పోతున్నాడు.

మిట్టమధ్యాహ్నం. బీడు సగం దాటామో లేదో, నా వెనకే, ఎడమ పక్కన, తప్ మని ఒక దెబ్బ.

రత్నం బండి ఆపేశాడు. దిగి వెనక్కి పోయాను. ఇసుక బస్తాలు తప్ప తొట్టిలో ఏమీ లేదు. కనుచూపు మేర మనిషి లేడు. కమాను చూద్దామని వంగాను. నా కళ్ళ ముందే ఎడమ వైపు కమాను నెమ్మదిగా కిందికి దిగింది, మళ్ళీ నెమ్మదిగా పైకి లేచింది. ఎవరో ఎక్కడానికి కాలు పెట్టి, ఎందుకో వద్దనుకుని తీసేసినట్టు.

"ఏం కనపడింది?" అని రత్నం అడిగాడు.

"ఏం లేదు. పోనీయుండ్రి" అన్నాను.

క్యాంపులో రత్నం ఇంట్లో పనిచేసే లచ్చుమమ్మ అనే ముసలామె ఉండేది. పక్క ఊరి మనిషి, కాలువ తవ్వకంలో మట్టి మోసినామె. ఆమె ఎన్నడూ ఆ బీడులో బండెక్కేది కాదు. బండి బీడులోకి తిరగబోతుంటే దిగి, గట్టు మీదుగా నడిచి వచ్చేది. ఆ రోజు దెబ్బ సంగతి ఆమెనే అడిగాను.

"గాడ మా కూలోళ్ళ గుడిసెలుండె కొడ్కా. గత్తరొచ్చింది" అంది. కలరాను మా వైపు గత్తర అంటారు. "లారీ పంపుతమన్నరు, దవాఖానకు తీస్కపోతమన్నరు. వాన మీద వాన. లారీ రేగడిల దిగబడి యాక్సిల్ ఇరిగిందంట. మాకేం తెలుసు? మూటలు కట్టుకోని కూసున్నం. మా ఆయన నేలకు చెవి ఆనించి ఇంటుండె. ఒస్తున్నదే లచ్చుమీ, ఒస్తున్నదే అనుకుంటనే పోయిండు. శానమంది అట్లనే కూసున్నకాడనే పోయిన్రు. నేనెందుకు బతికిన్నో గా దేవునికే ఎరుక."

"మరి బండి ఆపుతరు గని ఎక్కరేంది?" అని అడిగాను. ఆ ప్రశ్న నా నోట వచ్చినందుకు నాకే సిగ్గేసింది.

"ఎండల ఏ బండైన ఒస్తది. వాళ్ళు ఎదురు జూసింది వానల ఒచ్చే బండి కోసం."

వానలు పట్టుకున్నాయి. ముసురు వదలని ఒక రోజు కమాన్లు ఎలా ఉన్నాయో చూద్దామని నేను క్యాంపుకు పోయాను. మధ్యాహ్నం భోజనాల వేళకు కమలకు నొప్పులు మొదలయ్యాయి. గట్టు మీది దారి అప్పటికే జారిపోయి ఉంది. మిగిలింది బీడే. ఆమెను పడుకోబెట్టడానికి తొట్టిలోంచి ఇసుక బస్తాలు దింపేసి గడ్డీ పరుపూ పరిచారు. ఖాళీ బండి సంగతి నాకు గుర్తుంది. కానీ చోటు ఎక్కడ? రత్నం పక్కన కూర్చున్నాను. లచ్చుమమ్మ ఆ రోజు మాత్రం కమల పక్కన ఎక్కి కూర్చుని, ఇద్దరి మీదా టార్పాలిన్ కప్పుకుంది.

బీడు నడుమకు వచ్చేసరికి నేను భయపడ్డదే అయింది. వెనక చక్రాలు పట్టు వదిలి ఉన్నచోటే తిరగసాగాయి. బండి అంగుళం అంగుళం పాకుతోంది. వెనక కమల మూలుగు. రత్నం పెదవులు కొరుక్కుంటున్నాడు.

తప్.

లచ్చుమమ్మే కొట్టిందనుకుని వెనక కిటికీలోంచి చూశాను. ఆమె రెండు చేతులూ కమల చేతుల్లో ఉన్నాయి.

"ఆపకుండ్రి! గిప్పుడు ఆగినమంటే మళ్ళ కదలదు!" అని అరిచాను. రత్నం యాక్సిలరేటరు తొక్కే ఉంచాడు.

మళ్ళీ ఒక దెబ్బ. ఈసారి గట్టిగా.

"ఆపయ్యా!" లచ్చుమమ్మ కేక. "ఎక్కనియ్యి వాళ్ళను!"

"ఆపండి" అంది కమల కూడా, నొప్పి మధ్యలో. "మీకు దణ్ణం పెడతాను, ఆపండి."

రత్నం ఆపాడు. ఇక అయిపోయిందనుకున్నాను. కిందటేడు పోయిన బిడ్డ దగ్గరికే ఈ బిడ్డా పోతుందనుకుని కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు ఎడమ కమాను కిర్రుమంది. బరువు పడితే పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకునే చప్పుడది. నిద్రలో విన్నా గుర్తు పడతాను. తర్వాత కుడి కమాను. మళ్ళీ ఎడమ. తొందర లేకుండా, ఒకరి తర్వాత ఒకరు ఎక్కినట్టు. వెనక దిగుతున్నకొద్దీ క్యాబిను ముందు భాగం కొంచెం కొంచెం లేచింది. కిటికీలోంచి చూస్తే లచ్చుమమ్మ కాళ్ళు ముడుచుకుని చోటిస్తూ, సంతకు పోయే లారీలో మాట్లాడినట్టే మాట్లాడుతోంది.

"జరగుండ్రి, జర జరగుండ్రి. పిల్ల నొప్పులు పడ్తున్నది. కాళ్ళు తొక్కకుండ్రి."

తప్, తప్. రెండు దెబ్బలు.

రత్నం క్లచ్చి వదిలాడు. వెనక చక్రాలు నేలను పట్టాయి. నిండు బస్తాల బండిలా, బరువుగా, ఒక్క జారుడు లేకుండా బీడు దాటింది. రోడ్డెక్కేదాకా మేమిద్దరం వెనక్కి తిరిగి చూడలేదు.

సింధనూరు ఆస్పత్రి గేటు ముందు ఒక దెబ్బ వినపడింది. రత్నం ఆపాడు. మాలో ఎవరూ ఇంకా దిగలేదు. కమాన్లు మాత్రం ఒక్కొక్క కిర్రుతో పైకి లేచి, నేను కట్టిన ఎత్తుకు వచ్చి నిలబడ్డాయి.

చీకటి పడకముందే కమలకు ఆడపిల్ల పుట్టింది. వరండాలోకి ఏడుపు వినపడగానే రత్నం గోడకు ఆనుకుని పిల్లాడిలా ఏడ్చాడు. లచ్చుమమ్మ గేటు వైపే చూస్తూ కూర్చుంది. నేను దగ్గరికి పోతే నా చెయ్యి పట్టుకుంది.

"మస్తు ఆలస్యమైంది గని, తెచ్చినవ్ కొడ్కా" అంది.

కారణాలు నేనూ వెతికాను. కింద అంటుకున్న రేగడి, నీళ్ళు తాగిన గడ్డి బరువేనేమో అనుకున్నాను. అయితే నీళ్ళు తాగిన గడ్డి గేటు ముందు దిగిపోదు కదా. ఆ తర్వాత ఆ బండికి చప్పుడు రాలేదు. లచ్చుమమ్మ కూడా బీడు ముందు దిగి గట్టు మీదుగా నడవడం మానేసింది.

అప్పటిదాకా బండి వస్తే ఇనుము మాత్రమే చూసేవాణ్ణి. ఆ తర్వాత యాక్సిల్ మార్చమని ఎవరొచ్చినా, ఎక్కడెక్కడ తిరుగుతుంది, ఆ దారిలో ఇదివరకు బండి కోసం చూసినవాళ్ళున్నారా అని అడిగేవాణ్ణి. నవ్వేవాళ్ళు నవ్వేవారు. వానల్లో ఆ బీడు దాటవలసి వస్తే మాత్రం, దెబ్బ వినపడకపోయినా, నడుమన ఒకసారి బండి ఆపి కాసేపు చూసేవాణ్ణి. ఎవరైనా మిగిలిపోయారేమోనని.