తవిటమ్మ అమెరికా జీపు

కళింగపట్నం ఒడ్డున తవిటమ్మ నోటికి జడవని మగాడు లేడు. చేతికి జడిసేవాళ్ళూ తక్కువేం కాదు. మొగుడు పోయాక అతని పాత అమెరికా జీపును తానే నడుపుతానంటే అడ్డొచ్చినవాడికి ముందుపళ్ళు ఇసకలో రాలాయి. వేట నుంచి వచ్చిన పడవలకు తాడు కట్టి ఆ జీపుతోనే ఒడ్డుకు లాగేది. అదే ఆమె తిండి, అదే ఆమె పరువు.

ఆ జీపు పెట్రోలు ఇంజను కాస్తా చచ్చింది. అలాంటిది మళ్ళీ దొరికే దారి లేదు. చీపురుపల్లి మేస్త్రీ ధర్మేంద్ర పాత ట్రాక్టరు డీజిలు ఇంజను తెచ్చాడు. దానికీ జీపు గేరుబాక్సుకీ బోల్టు కన్నాలు కలవకపోతే మధ్యన మందపాటి ఇనప పలక కోసి బిగించాడు.

"అప్పా, కన్నాలైతే కలిపేను గానీ బలాలు కలపలేను. కోడెగిత్తనీ ముసలెద్దునీ ఒక్క కాడికి కట్టినట్టే ఇది. ఇంజను ఈడ్సేస్తాది, గేరుబాక్సు లోపలి ఇరుసు ఓర్సుకోలేదు. క్లచ్చు మెల్లగా వదులు. కుదుపిచ్చేవా, ఇరిగిపోద్ది," అని తవిటమ్మకు జాగ్రత్త చెప్పాడు.

తవిటమ్మ అలాగే నడిపింది. నిద్రపోయిన చంటిబిడ్డ తల కింద నుంచి చెయ్యి తీసినట్టు క్లచ్చు వదిలేది. అది చూసి మరిది హరిబాబుకు కడుపు మండేది. అన్న జీపు తనకు రావాల్సిందని వాడి ఏడుపు. ఆడది కాబట్టే బండిని అలా పాకిస్తోందని ఒడ్డంతా తిరిగి వెక్కిరించేవాడు.

నూకయ్య కొత్త పడవ తొలివేట నుంచి వచ్చిన రోజు హరిబాబుకు కలిసొచ్చింది. కొత్త పడవ మొదటిసారి ఒడ్డెక్కేటప్పుడు మొగుడు పోయిన ఆడది దాని ఎదురుగా ఉండకూడదని అక్కడి ఆనవాయితీ. పెద్దలు ఆమెను జీపు దిగమని, ఆ పూటకు హరిబాబును ఎక్కమన్నారు.

"దిగుతాను. ఈడికి సెప్పండి, క్లచ్చు మెల్లగా..."

"నాకు నేర్పుతావేటి, వొదినా?" అంటూ హరిబాబు ఆమెను మోచేత్తో తోసి ఎక్కి కూర్చున్నాడు.

ఇంజను రంకె వేసింది. వాడు క్లచ్చు ఒక్కసారిగా వదిలేశాడు. జీపు కింద తుపాకి పేలినట్టు చప్పుడై ఇరుసు విరిగింది. బ్రేకు తొక్కాలని వాడికి తోచేలోపే, సగం ఎక్కిన పడవ జీపును కూడా ఈడ్చుకుంటూ వాలులో వెనక్కి జారింది. వెనక నుంచి తోస్తున్న నూకయ్య కాలి మీద కూర్చుంది. ఎముక విరగడం అందరికీ వినిపించింది.

"ముండమోపి బండి! దీని పాపమే ఇది!" అని ముందుగా అరిచింది హరిబాబే.

నూకయ్య తమ్ముళ్ళు తెడ్లతో జీపు మీద పడ్డారు. అద్దం పగిలింది, లైట్లు పగిలాయి. పడవ కింద మనిషి గావుకేకలు పెడుతుంటే ఈ వెధవలు ఇనుమును కొడుతున్నారు! తవిటమ్మ జాకీ రాడ్డు అందుకుంది. మొదటి దెబ్బకు హరిబాబు చెయ్యి విరిగి వేలాడింది. రెండోది తెడ్డెత్తినవాడి బుగ్గ చీల్చింది.

"ముందు మనిసిని లాగండ్రా, కుక్కల్లారా!"

అప్పుడు గాని వాళ్ళకు నూకయ్య గుర్తు రాలేదు. అందరూ కలిసి పడవ ఎత్తి అతన్ని లాగారు. ప్రాణం దక్కింది, మోకాలి కింద కాలు దక్కలేదు.

కొన్నాళ్ళకు పెద్దలు ఆమె గుమ్మంలోకి వచ్చారు. పడవలు లాగలేక మగాళ్ళ నడుములు పడిపోతున్నాయి.

"ఇంజనుకి సరిపడే గేరుబాక్సు మేమే ఏయిస్తాం, తవిటమ్మా. నువ్వే నడపాల."

"కొత్త పడవలక్కూడా నేనేనా?"

"అదీ... ఆ ఒక్క రోజుకీ ఇంకెవులైనా..."

"ఆ ఒక్క రోజుకే కదా నూకయ్య మావ కాలు పోనాది!" అని తవిటమ్మ వాళ్ళ మొహం మీదే తలుపేసింది.

ఆ ఒడ్డున పడవలను ఇప్పటికీ మనుషులే లాగుతున్నారు.